పిల్లల చిగుళ్లకు ముందస్తు పరీక్ష: 8 ఏళ్లకే ఎందుకు?

వానచినుకు
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 8 ఏళ్లు. పిప్పి పన్ను పూడ్పించడానికి తీసుకెళ్తే, ఆ పని అయ్యాక డాక్టరుగారు కొసన చిన్న గుండు ఉన్న సన్నటి పనిముట్టు ఒకటి తీసి, నోట్లో ఆరు చోట్ల చిగురు అంచున తాకించి చూశారు. పక్కనున్న సహాయకురాలికి "ఒకటి, సున్నా, ఒకటి, రెండు, రెండు, ఒకటి" అని చెప్పి రాయించారు. ఏమిటని అడిగితే "చిగుళ్ల జబ్బు ముప్పు ఏమైనా ఉందేమో చూశానమ్మా, కంగారు పడేదేం లేదు, శ్రద్ధగా తోమించండి" అన్నారు. వెనకాల ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, నేనూ ఎక్కువ అడగలేదు.

చిగుళ్ల జబ్బంటే నడివయసు దాటినవాళ్ల సంగతి కదా? పాలపళ్లు సగం కూడా ఊడని పిల్లకి ఈ పరీక్ష దేనికి? ఆ అంకెలకి అర్థమేమిటి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మొండిఘటం
ఏముందండీ, కొత్త పరీక్ష, కొత్త భయం. పాలపళ్లు ఎలాగూ ఊడేవే. మన చిన్నప్పుడు ఎవరు చూశారు చిగుళ్లు? ఇప్పుడు నమలడం లేదా మనం?

పళ్లబడి
వానచినుకు గారూ, నేను పిల్లల పళ్ల డాక్టర్ని. మీ డాక్టరుగారు చేసింది సరైన పనే, కాకపోతే వివరంగా చెప్పాల్సింది.

ఆ పనిముట్టు పేరు ప్రోబ్. కొసన ఉన్న గుండు అర మిల్లీమీటరు. దాని పైన 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా ఒక నల్లపట్టీ ఉంటుంది. దాన్ని చిగురుకీ పన్నుకీ మధ్య ఉండే సందులోకి చాలా తేలిగ్గా, 20 నుంచి 25 గ్రాముల బరువు మించకుండా, దించి చూస్తాం. పెద్దవాళ్లకైతే అన్ని పళ్లూ చూస్తాం. పిల్లలకి ఆరు చాలు: నాలుగు మూలల్లో వచ్చే మొదటి శాశ్వత దవడపళ్లు నాలుగు, పైన కుడివైపు ముందుపన్ను ఒకటి, కింద ఎడమవైపు ముందుపన్ను ఒకటి.

ఈ ఆరే ఎందుకంటే, 6, 7 ఏళ్లకి నోట్లోకి ముందుగా వచ్చే శాశ్వత దంతాలు ఇవే. చిన్నవయసులో ఎముకను తినేసే అరుదైన చిగుళ్ల జబ్బు ఒకటుంది, అది మొదలయ్యేదీ సరిగ్గా ఈ పళ్ల దగ్గరే. అందుకే పరీక్ష 7 ఏళ్ల నుంచి. బ్రిటన్‌లో చిగుళ్ల వైద్యుల సంఘం, పిల్లల దంతవైద్యుల సంఘం కలిసి 2012లో ఈ పద్ధతిని మార్గదర్శకాలుగా రాశాయి.

అంకెల సంగతి. 0 అంటే ఆరోగ్యంగా ఉంది. 1 అంటే తాకించాక రక్తం కనిపించింది. 2 అంటే గార పట్టి ఉంది, లేదా పాచి నిలిచే చోటు ఏదో ఉంది (సరిగ్గా అమరని ఫిల్లింగ్ అంచు లాంటిది). 7 నుంచి 11 ఏళ్ల పిల్లలకి ఇక్కడితో ఆపేస్తాం. 12 నిండితే 3, 4 కూడా ఉంటాయి: 4, 5 మిల్లీమీటర్ల లోతు గుంట ఉంటే 3, 6 లేదా అంతకన్నా లోతైతే 4.

చిన్నపిల్లలకి లోతు ఎందుకు రాయమంటే, పన్ను ఇంకా పైకి వస్తూ ఉంటుంది, చిగురు అంచు దాని మీద ఎత్తుగా కప్పుకుని ఉంటుంది. ప్రోబ్ లోపలికి దిగుతుంది కానీ అది జబ్బు వల్ల పడ్డ గుంట కాదు, పన్ను పూర్తిగా రాగానే పోయేదే. దాన్ని లెక్కేసుకుంటే ప్రతి రెండో పిల్లకీ జబ్బున్నట్టు కనిపిస్తుంది.

మీ పాపకి వచ్చిన 1, 2 లు చాలా మామూలు. ఈ వయసులో అన్నీ సున్నాలు చూడటమే అరుదు.

వానచినుకు
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలండీ. 2 వచ్చిన చోట గార తీయించుకోవాలా? అది తీస్తే పళ్లు వదులవుతాయని మా అత్తగారు ఒకటే గొడవ.

పాచిశత్రువు
నేను క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేసే ఉద్యోగంలో ఉన్నాను, ఈ మాట వినని రోజు లేదు. గార తీస్తే పన్ను వదులవదు. ఏళ్ల తరబడి గార కింద ఎముక తగ్గిపోయి ఉంటే, ఆ గార అడ్డుగోడలా పళ్లను పట్టి ఉంచుతుంది, తీశాక ఉన్న వదులు బయటపడుతుంది. అది పెద్దవాళ్ల కథ. 8 ఏళ్ల పిల్లకి కింది ముందుపళ్ల వెనక పట్టే గార పలచటి పొర, కొద్దిసేపట్లో అయిపోతుంది. అక్కడే ఎందుకు పడుతుందంటే నాలుక కింద లాలాజలం ఊరే గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా ఆ పళ్ల వెనకే. లాలాజలంలోని ఖనిజాలు పాచి మీద గట్టిపడితే గార అవుతుంది.

అత్తయ్యగారిని ఓసారి వెంట తీసుకెళ్లండి. కళ్లారా చూస్తే ఒప్పుకుంటారు, నేను చాలామంది అత్తయ్యలని ఒప్పించాను :)

లెక్కలపిచ్చి
నేను డాక్టర్ని కాను, గణాంకాల పని చేసేవాణ్ణి. పళ్లబడి గారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం.

ఏ జబ్బుకైనా ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని వరసపెట్టి పరీక్షించే ముందు ఏం చూసుకోవాలో 1968లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ పది సూత్రాలు రాశారు. జబ్బు ముఖ్యమైనదై ఉండాలి, ముందుగా పట్టుకునే దశ ఒకటుండాలి, పట్టుకున్నాక చేయగలిగిన వైద్యం ఉండాలి, ఖర్చుకి తగ్గ ఫలితం ఉండాలి, ఇలా.

మీరు చెప్పిన ఎముక తినే జబ్బు అరుదు అంటున్నారు. ఊరికే లెక్క కోసం, వెయ్యిమంది పిల్లల్లో ఇద్దరికి ఉందనుకుందాం. పరీక్ష 95 శాతం కచ్చితం అనుకుందాం, అంటే చాలా మంచి పరీక్షే. అప్పుడు జబ్బున్న ఇద్దరూ దొరుకుతారు, వాళ్లతోపాటు జబ్బు లేని 50 మంది కూడా "ఉంది" అనే ఖాతాలో పడతారు. ఆ 50 మంది ఇళ్లలో నిద్ర ఉండదు. దీనికేమంటారు?

మొండిఘటం
అదీ మాట! నేనూ అదే అన్నాను, నాకు అంకెలు రావు అంతే.

పళ్లబడి
లెక్కలపిచ్చి గారూ, మీ లెక్క తప్పని అనను. వరసపెట్టి ఊళ్లకి ఊళ్లు, బడులకి బడులు ఈ జబ్బు కోసమే గాలించమని నేనూ చెప్పడం లేదు. పంటి డాక్టరు దగ్గరికి ఏదో పనిమీద వచ్చిన పిల్లకి, నోరు తెరిచి ఉన్నప్పుడే, ఒకటి రెండు నిమిషాల్లో చేసే పని ఇది. ఆ కుర్చీలోకి ఎలాగూ వచ్చింది.

రెండోది, "ఉంది" అనే ఖాతాలో పడితే జరిగేదేమిటి? కత్తి పట్టుకోం, కణితికి ముక్క తీసి పంపం. శుభ్రం చేస్తాం, తోమడం నేర్పుతాం, మూడు నెలలయ్యాక మళ్లీ చూస్తాం. అప్పటికి ఎక్కువమంది సున్నాకో ఒకటికో వచ్చేస్తారు. శుభ్రం చేశాక కూడా 12 నిండిన పిల్లలో 3, 4 అలాగే నిలబడితేనే అన్ని పళ్లకీ లోతులు రాసి, ఎక్స్‌రే చూసి, చిగుళ్ల స్పెషలిస్టుకి పంపడం. అంటే మీ 50 మందీ రెండో గుమ్మం దాకా రారు.

మూడోది, మీ లెక్కలో లేని ముక్క. ఈ పరీక్షలో అరుదైన జబ్బు ఒక్కటే వెతకం. అన్ని ఊళ్లలో, అన్ని ఇళ్లలో పిల్లలకుండే మామూలు చిగుళ్ల వాపును కూడా ఇదే పట్టుకుంటుంది, అది మాత్రం అరుదు కానే కాదు.

లెక్కలపిచ్చి
రెండో గుమ్మం వాదన బాగుంది. వరస పరీక్షలుగా చూస్తే తప్పుడు హెచ్చరికలు నిజంగానే బాగా తగ్గుతాయి. ఒప్పుకుంటున్నాను, కానీ బడి క్యాంపుల విషయం తర్వాత అడుగుతాను, అది వదలను.

కొండగాలి
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. మా అన్నయ్యకి 17 ఏళ్లప్పుడు దవడపళ్లు కదలడం మొదలైంది. రక్తం లేదు, నొప్పి లేదు, వాసన లేదు. పళ్లు మా అందరికన్నా శుభ్రంగా ఉండేవి. చూపిస్తే ఒకాయన "బాగా తోము" అని పంపేశారు, ఇంకొకరు "గట్టి వస్తువు కొరికి ఉంటావు" అన్నారు. తర్వాత ఎప్పుడో ఎక్స్‌రే తీస్తే నాలుగు దవడపళ్ల పక్కనా ఎముక లోయలా దిగిపోయి ఉంది. ముందుపళ్ల మధ్య కూడా. 20 దాటకుండానే రెండు పళ్లు తీసేశారు.

ఇప్పుడు ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, ఒకరికి 11, ఇంకొకరికి 5. వాళ్లకి వస్తుందా? చూస్తే ఇద్దరి చిగుళ్లూ చక్కగా గులాబీరంగులో ఉన్నాయి.

పళ్లబడి
కొండగాలి గారూ, మీ అన్నయ్యది నేను పైన చెప్పిన జబ్బే అయి ఉంటుంది. పాత పుస్తకాల్లో దీన్ని యువకుల పీరియాడాంటైటిస్ (పంటి చుట్టూ ఎముక పోయే చిగుళ్ల జబ్బు) అన్నారు, 1999 తర్వాత దూకుడు రకం అన్నారు. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు కలిసి వర్గీకరణను తిరగరాసి ఆ పేరు తీసేశాయి. ఇప్పుడు మామూలు పీరియాడాంటైటిస్‌లోనే "దవడపళ్లు, ముందుపళ్ల నమూనా" అని రాసి, దశ, వేగం వేరుగా నమోదు చేస్తాం. పేరు ఏదైనా, మీరు రాసిన లక్షణాలు అచ్చం ఇవే: యుక్తవయసు చుట్టూ మొదలవుతుంది, పాచి తక్కువగా ఉంటుంది, చిగురు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఎముక వేగంగా పోతుంది.

ఇందులో తల్లిదండ్రులకి ఎక్కడా చెప్పని విషయం ఇదే. పిల్లల చిగుళ్లలో కంటికి కనిపించేది, అంటే ఎరుపు, ఉబ్బు, రక్తం, దాదాపు ఎప్పుడూ ప్రమాదం లేనిది, తోమితే తగ్గేది. ప్రమాదమైనది అద్దంలో కనపడదు. దాన్ని ప్రోబ్ పట్టాలి, లేదా ఎక్స్‌రే పట్టాలి, లేదా మీలాంటి వాళ్లు "మా ఇంట్లో ఒకరికి చిన్నప్పుడే పళ్లు కదిలాయి" అని నోరు తెరిచి చెప్పాలి. మూడోదే అన్నిటికన్నా చవక.

కుటుంబంలో వరసగా రావడం ఈ జబ్బులో బాగా తెలిసిన విషయం. ఒకరికి ఉందని తేలితే తోబుట్టువుల్ని, పిల్లల్ని పిలిచి చూడాలి, అది మర్యాద కోసం కాదు, వైద్యంలో భాగం. 11 ఏళ్ల పాపని ఆలస్యం చేయకుండా చూపించండి. వెళ్లిన వెంటనే "వాళ్ల నాన్నకి 17 ఏళ్లకి దవడపళ్ల ఎముక పోయింది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఆ మాట వింటే, మేము మామూలుగా 11 ఏళ్లకి ఆపేసే చోట ఆపం.

రసాయనశాల
ఇందులో సూక్ష్మజీవి పాత్ర ఆసక్తిగా ఉంటుంది. అగ్రిగాటిబాక్టర్ ఆక్టినోమైసిటమ్‌కామిటన్స్ అని నోరు తిరగని పేరు (మేము ల్యాబ్‌లో "ఏఏ" అంటాం). అందులో జేపీ2 అనే ఒక రకం ఉంది. దాని జన్యువులో 530 అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయింది, దాంతో తెల్లరక్తకణాల్ని చంపే విషాన్ని విపరీతంగా తయారు చేస్తుంది. మొరాకోలో కౌమారవయసు పిల్లల్ని రెండేళ్లపాటు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ రకం మాత్రమే నోట్లో ఉన్నవాళ్లకి, ఏఏ అసలు లేనివాళ్లతో పోలిస్తే, పంటిని పట్టి ఉంచే కణజాలం పోయే ముప్పు 18 రెట్లు కనిపించింది.

అందుకే నా ప్రశ్న: లాలాజలం తీసి సూక్ష్మజీవి పరీక్షో, జన్యు పరీక్షో చేయిస్తే కొండగాలి గారి అన్నయ్య పిల్లల విషయం ముందే తేలిపోదా? ఇంటికి పంపే కిట్లు కూడా అమ్ముతున్నారు.

పళ్లబడి
నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: పిల్లలకి ఆ కిట్లు కొనకండి. ఇంటర్‌ల్యూకిన్ (ఒంట్లో వాపుని నడిపే ప్రొటీన్) జన్యువుల మీద ఆధారపడ్డ పరీక్షలు 1990ల చివర్లోనే మార్కెట్లోకి వచ్చాయి, అవి పెద్దవాళ్లని చూసి తయారైనవి. ఒక పిల్లకి రేపు జబ్బు వస్తుందో రాదో చెప్పే శక్తి వాటికి లేదు. ఏఏ సంగతి కూడా అంతే, అది ఆరోగ్యంగా ఉన్న చాలా నోళ్లలో కూడా ఉంటుంది. జేపీ2 వేరు, నిజమే. కానీ అది వాయవ్య ఆఫ్రికా మూలాలున్న జనాభాల్లో ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. దొరికినా నేను చేసేది అదే, ప్రోబ్ పెట్టి తరచుగా చూడటం. దొరకకపోయినా అదే. చేసే పని మారనప్పుడు పరీక్ష దేనికి?

లాలాజలంలో ఎంఎంపీ-8 అనే ఎంజైమ్ కొలిచే పరీక్షలున్నాయి. కణజాలం ఇప్పుడు కరుగుతోందా అన్నది అవి సూచిస్తాయి. పరిశోధనగా మంచిదే, ప్రోబ్ స్థానంలోకి మాత్రం ఇంకా రాలేదు.

రసాయనశాల
"చేసే పని మారనప్పుడు పరీక్ష దేనికి" అన్నది నచ్చింది. సరే, కిట్ వాదన విరమించుకుంటున్నాను.

చిలకపచ్చ
మా వాడికి 12. ఈమధ్య తోమినప్పుడల్లా బేసిన్‌లో ఎర్రగా ఉంటోంది. రక్తం వచ్చే చోట వాడు బ్రష్ పెట్టడం మానేశాడు. ఇది ఆ దూకుడు జబ్బా? నాకు చేతులాడటం లేదు.

పాచిశత్రువు
కాదనే అనుకోవచ్చు. యుక్తవయసు హార్మోన్లతో చిగుళ్లు కొద్దిపాటి పాచికే ఎక్కువగా ఉబ్బుతాయి, 11 నుంచి 13 మధ్య ఇది బాగా కనిపిస్తుంది. అసలు కారణం పాచే, హార్మోన్లు దాన్ని పెద్దది చేసి చూపిస్తాయి.

రక్తం వస్తోందని అక్కడ మానేయడమే తప్పు దారి. 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లో (Löe) అనే పరిశోధకుడి బృందం ఒక ప్రయోగం చేసింది. ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోమడం పూర్తిగా మానమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టించగానే దాదాపు వారంలో మామూలైపోయాయి. మీ వాడి చేత మెత్తటి బ్రష్‌తో, చిగురూ పన్నూ కలిసే గీత మీదే, రోజూ రెండుసార్లు తోమించండి. మొదట్లో ఇంకా కాస్త రక్తం వస్తుంది, ఆపకండి. రెండు వారాలకీ తగ్గకపోతే చూపించండి. 12 కదా, ఆరు పళ్ల పరీక్ష పూర్తి అంకెలతో ఎలాగూ చేయించాలి.

పైన ముందుపళ్ల దగ్గర మాత్రమే ఎర్రగా ఉంటే నోటితో ఊపిరి తీస్తున్నాడేమో గమనించండి. చిగురు ఆరిపోయి అక్కడ మాత్రమే వాస్తుంది, ఎంత తోమినా పూర్తిగా పోదు.

క్లిప్పులరాణి
నా అనుభవం ఒక్క ముక్క. మా అమ్మాయికి పళ్ల వరసకి క్లిప్పులు వేయించే ముందు ఆ డాక్టరుగారు ఈ ఆరు పళ్ల పరీక్ష చేశాకే మొదలుపెట్టారు. అప్పుడు అనవసరం అనిపించింది, వేశాక చిగుళ్లు తీగల మీదికి పెరగడం చూస్తే మొదట్లో ఎలా ఉన్నాయో రాసి ఉండటం ఎంత మేలో తెలిసింది.

పళ్లబడి
నిజం. ఎముక పోతున్న నోట్లో పళ్లు జరపడం మొదలుపెడితే నష్టం రెట్టింపవుతుంది. క్లిప్పుల ముందు తప్పక చూడాలి, వేశాక మధ్యలోనూ చూడాలి.

చిగుళ్లు పెరిగే సంగతి వచ్చింది కాబట్టి: మూర్ఛకి ఫెనిటోయిన్, అవయవమార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్, రక్తపోటుకి నిఫెడిపిన్ వాడే పిల్లల్లోనూ చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పాకుతాయి. మందు సొంతంగా ఆపకండి. రాసిన డాక్టరుకి, పళ్ల డాక్టరుకి ఇద్దరికీ చెప్పండి.

నిద్రలేనిఅమ్మ
ఇక్కడ అడగొచ్చో లేదో. మా బాబుకి మూడేళ్లు నిండలేదు. కింది ముందుపన్ను నిన్న ఊడి చేతిలోకి వచ్చింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. పన్ను పొడుగ్గా ఉంది, వేరుతో సహా వచ్చినట్టుంది. రక్తం కూడా పెద్దగా లేదు. అందరూ "తొందరగా ఊడింది, తొందరగా వస్తుంది" అంటున్నారు.

పళ్లబడి
అడగాల్సిన ప్రశ్నే అమ్మా. ఇది వేచి చూసే విషయం కాదు, ఈ వారంలోనే చూపించండి.

పాలపన్ను మామూలుగా ఊడేటప్పుడు కింద వచ్చే కొత్త పన్ను దాని వేరుని కరిగించేస్తుంది, అందుకే ఊడిన పన్ను పొట్టిగా టోపీలా ఉంటుంది. కింది ముందుపళ్లు ఊడే వయసు 6, 7. మూడేళ్లకి వేరు పూర్తిగా ఉన్న పన్ను దెబ్బ లేకుండా రావడం అంటే దాన్ని ఎముకకి పట్టి ఉంచే పొరలో ఏదో లోపం. ముందు గుర్తుకు రావాల్సింది హైపోఫాస్ఫటేసియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు. వేరు మీద ఉండాల్సిన సిమెంటమ్ పొర సరిగ్గా ఏర్పడదు. ఎముకలు కూడా బలహీనంగా ఉండొచ్చు, నడక ఆలస్యం కావచ్చు. కొందరిలో పళ్లు తప్ప ఇంకేమీ ఉండదు.

చేయించాల్సింది పిల్లల డాక్టరు దగ్గర ఒక రక్తపరీక్ష, ఆల్కలైన్ ఫాస్ఫటేస్. ఇక్కడ ఒక మెలిక ఉంది, గుర్తుపెట్టుకోండి. చాలా ల్యాబులు అది ఎక్కువైతేనే ఎర్రగీత కొడతాయి. ఈ జబ్బులో అది తక్కువ ఉంటుంది. పైగా పిల్లల్లో మామూలు స్థాయి పెద్దవాళ్లకన్నా చాలా ఎక్కువ. పెద్దవాళ్ల పట్టికతో పోలిస్తే బాబుకి తక్కువున్నా "నార్మల్" అని రాసిస్తారు. వయసుకి తగ్గ పట్టికతో చూడమని అడగండి. ఊడిన పన్నును పారేయకండి, శుభ్రమైన డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి, దాన్ని కోసి చూస్తే సిమెంటమ్ సంగతి తెలుస్తుంది. తీవ్రమైన రకానికి 2015 నుంచి ఎంజైమ్ మందు కూడా ఉంది.

అదే అయి తీరుతుందని కాదు. తెల్లరక్తకణాల లోపాలూ ఇలాగే బయటపడతాయి. అరచేతులు, అరికాళ్లలో చర్మం మందంగా పొలుసులుగా ఉందేమో కూడా చూడండి. అలా ఉండి పళ్లు వదులైతే అది పపియోం-లెఫెవ్ సిండ్రోమ్ కావచ్చు, 1924లో మొదట వర్ణించారు, 1999లో జన్యువు దొరికింది. అరుదైనవే ఇవన్నీ, కానీ వీటిలో చాలావాటికి మొదటి సాక్ష్యం పళ్లే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నిద్రలేనిఅమ్మ
పన్ను దాచాను. నడక కూడా వాడికి కాస్త ఆలస్యమే. రేపే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. చాలా థ్యాంక్సండీ.

నిర్వాహకులు
సభ్యులకు మనవి: పిల్లల ముఖం కనిపించే ఫొటోలు, రిపోర్టుల మీద పేర్లు పెట్టకండి. రెండు పోస్టులు అందుకే తీసేశాం. చర్చ కొనసాగించండి.

చక్కెరలెక్క
మా అబ్బాయికి 9 ఏళ్లు, టైప్ 1 మధుమేహం. కళ్లు, కిడ్నీలు, పాదాలు అన్నీ చూస్తారు, చిగుళ్ల మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. మేమే అడగాలా?

పళ్లబడి
మీరే అడగండి. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 6 నుంచి 18 ఏళ్ల మధుమేహ పిల్లల్ని, మధుమేహం లేని పిల్లలతో పోల్చి 2006లో రాశారు. మధుమేహమున్నవాళ్లలో చిగుళ్ల వాపే కాదు, పంటిని పట్టి ఉంచే కణజాలం కోల్పోవడం కూడా ఎక్కువ కనిపించింది, అదీ చిన్న వయసు నుంచే. చక్కెర అదుపులో ఉంటే ముప్పు తగ్గుతుంది. 7 నిండిన మధుమేహ పిల్లకి ఈ పరీక్ష ప్రతి సందర్శనలో చేయమని అడిగే హక్కు మీకుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకీ అంతే.

ఇంకొకటి, మధుమేహంతో సంబంధం లేదు, అందరికీ. కారణం లేకుండా చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతూ, పిల్ల పాలిపోయి, జ్వరాలు, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే పళ్ల డాక్టరు కోసం ఆగకండి. అదే రోజు పిల్లల డాక్టరు దగ్గర రక్తపరీక్ష. లుకేమియా (రక్త కేన్సర్) కొన్నిసార్లు చిగుళ్లలోనే మొదట కనిపిస్తుంది.

లెక్కలపిచ్చి
అడుగుతానన్నాను కదా. బడుల్లో దంత క్యాంపులు పెట్టి టార్చ్ వేసి చూసి, "బాగున్నాయి" అని కాగితం ఇస్తారు. పైన మీరే అన్నారు, ప్రమాదమైనది కంటికి కనపడదని. అలాంటప్పుడు ఆ కాగితం కొండగాలి గారి మేనకోడలి లాంటి పిల్లకి మేలా, కీడా?

పాచిశత్రువు
నేను అలాంటి క్యాంపుల్లో పని చేశాను. పిప్పి పళ్లకి, చీముకి, బాగా వాచిన చిగుళ్లకి పనికొస్తాయి. తోమడం నేర్పడానికీ మంచి చోటు.

లెక్కలపిచ్చి
నా ప్రశ్న "బాగున్నాయి" అనే మాట గురించి.

పళ్లబడి
ఆ మాట రాయకూడదు. టార్చ్‌తో చూసినప్పుడు "కంటికి కనిపించే లోపం లేదు" అనే రాయాలి, దాని పక్కనే ఒక ప్రశ్న ఉండాలి: ఇంట్లో ఎవరికైనా 30 లోపు పళ్లు కదిలి ఊడాయా? ఆ ప్రశ్నకి ప్రోబ్ అక్కర్లేదు, కుర్చీ అక్కర్లేదు, తల్లిదండ్రులు నింపే కాగితంలో ఒక గడి చాలు. అవునన్నవాళ్లని మాత్రం క్లినిక్‌కి పంపాలి. ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, తప్పుడు భయం కన్నా తప్పుడు ధైర్యం ఎక్కువ నష్టం చేస్తుంది.

మొండిఘటం
మా చెల్లెలికి 28 ఏళ్లకి ముందుపళ్లు రెండూ కదిలి పోయాయి. కాన్పుల వల్ల అనుకున్నాం. మా పెద్దవాడికి 15... పోస్ట్ పెట్టేశాక గుర్తొచ్చింది. ఏం చేయమంటారు?

పళ్లబడి
15 కాబట్టి పూర్తి అంకెలతో పరీక్ష. పిప్పి పళ్ల కోసం పక్కల ఎక్స్‌రేలు ఇదివరకు తీసి ఉంటే తీసుకెళ్లండి. వాటిలోనే ఎముక అంచు కనిపిస్తుంది, పంటి పైపెంకు, వేరు కలిసే చోటుకి అది 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు. కొత్తగా తీయాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. సిగరెట్టో ఈ-సిగరెట్టో (వేప్) మొదలుపెట్టాడా అన్నది డాక్టరుగారు వాణ్ణి విడిగా అడుగుతారు, మీరు గది బయట కూర్చోండి, నిజం చెబుతాడు.

కొండగాలి
పెద్దదాన్ని చూపించి వచ్చాం. ఐదు పళ్లు మామూలే, పైన ఎడమ దవడపన్ను దగ్గర మాత్రం లోతుంది, రక్తం కూడా వచ్చింది. ఎక్స్‌రేలో అక్కడ ఎముక అంచు కాస్త దిగి ఉందన్నారు. చాలా తొందరగా వచ్చారన్నారు. మత్తుసూది ఇచ్చి చిగురు లోపల శుభ్రం చేసి, మూడు నెలలకి రమ్మన్నారు. యాంటీబయాటిక్స్ ఇప్పుడే వద్దన్నారు, సరేనా? చిన్నదానికి 5 కదా, 7 దాకా ఆగాలా?

పళ్లబడి
సరైన వరసే. అమోక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కలిపి ఇచ్చే పద్ధతి ఉంది, కానీ లోపల శుభ్రం చేసిన తర్వాతే, ఎంచుకున్న కొందరికే. పాత చీటీ చూసి కొని వేయకండి. టెట్రాసైక్లిన్ రకాలు 8 ఏళ్లలోపు పిల్లలకి అసలు వద్దు, వచ్చే పళ్లకి రంగు పట్టేస్తుంది.

చిన్నదాని కోసం 7 దాకా ఆగకండి. ఆ వయసు పరిమితి ఇంట్లో చరిత్ర లేని పిల్లలకి. పాల దవడపళ్ల చుట్టూ కూడా ఎముక తగ్గొచ్చు. పిప్పి పళ్ల కోసం పక్క ఎక్స్‌రే తీసేటప్పుడు ఆ అంచు కూడా చూడమని చెప్పండి. అక్క సంగతి చీటీ మీద రాసి తీసుకెళ్లండి, నోటిమాటగా చెబితే ఫైల్లోకి ఎక్కదు.

కొండగాలి
అలాగే. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకే రోజు పెట్టించుకుంటాను, మూడు నెలలకి.